ఆరోగ్యవంతుడి రక్తం

ఆసుపత్రి ల్యాబులో రక్తం తీయడం నా ఉద్యోగం. ఇంతమంది రోగాలు చూసినవాడికి రోగమెందుకు వస్తుందని నా ధీమా. జలుబు చేసినా దుమ్ము మీదికి నెట్టేసేవాణ్ని.

కీళ్లవాతాన్ని ముందే పసిగట్టే పరీక్ష ఒకటి మా ల్యాబుకు కొత్తగా వచ్చింది. రక్తంలో ఒక రకం యాంటీబాడీలు కనిపిస్తే, కీళ్లు వాచకముందే జాగ్రత్తపడొచ్చట. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలని మా మేడమ్ అడిగారు.

"ఆరోగ్యమంటే ఇదిగో మేడమ్!" అంటూ అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచాను. సూది గుచ్చేలోపు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మర్నాడు అందరి అంకెలూ నేలమీదే ఉన్నాయి. నాది మాత్రం మిద్దెక్కి కూర్చుంది.

"యంత్రం చెడిపోయింది మేడమ్," అన్నాను.

"మీ ఒక్కరికేనా?"

మళ్లీ రక్తం ఇచ్చాను. ఈసారి ఉపన్యాసం లేదు. అంకె కిందికి దిగలేదు.

కీళ్ల డాక్టరమ్మ నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశారు. వాపు లేదు, నొప్పీ లేదు.

"ఇది రోగం కాదండీ, రావచ్చని హెచ్చరిక. కొందరికి ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. సిగరెట్ తాగుతారా? ఇంట్లో ఎవరికైనా ఉందా?"

మొదటి ప్రశ్నకు నేలచూపులు చూశాను. రెండో ప్రశ్నకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె వేళ్లు పక్కకు వంగిపోయి ఉండేవి. బట్టలుతికి అలా అయ్యాయనుకున్నాం మేమంతా. ఆమె కూడా అలాగే అనుకుని పోయింది.

"పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి ఎంతకీ వదలకపోతే వెంటనే రండి," అన్నారు డాక్టరమ్మ.

సిగరెట్ మానేసి, బదులుగా మా ఆవిడ తల తినడం మొదలుపెట్టాను. తెల్లారగానే మంచం మీద కూర్చుని పిడికిళ్లు బిగించి చూసుకునేవాణ్ని.

"ఎవరితోనండీ పొద్దున్నే కుస్తీ?" అనేది.

గ్యాస్ బండ జరపమంటే మోకాలు పట్టుకునేవాణ్ని. సంచి మోయమంటే మణికట్టు. చెత్తబుట్ట బయట పెట్టమంటే అన్ని కీళ్లూ ఒక్కసారే.

చలికాలంలో ఒక పొద్దున పిడికిలి నిజంగానే మూసుకోలేదు. గుండీలు పెట్టుకునేసరికి చెమటలు పట్టాయి. నాన్నా పులి అని ఇన్నాళ్లూ అరిచినవాణ్ని, అసలు పులి వచ్చేసరికి నోరు పెగల్లేదు. సూది పట్టుకుని బతికే వేళ్లు మరి. భయం. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారం చివర్లో, అన్నం తింటుంటే మా ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమైందండీ మీకు?"

"ఏం కాలేదే!"

"అదే నేననేది. ఇల్లెగిరిపోయేలా మూలిగే మనిషి నాలుగు రోజులుగా కిక్కురుమనడం లేదు. చెత్తబుట్ట అడక్కుండానే బయట పెట్టారు. పదండి డాక్టరు దగ్గరికి!"

రెండు కణుపులు వాచాయి. ఎముక ఇంకా చెడలేదు. మందులు మొదలుపెట్టాక వాపు మెల్లగా దిగింది. ల్యాబులో నా పని నేనే చేసుకుంటున్నాను.

"మంచి సమయానికి వచ్చారు. బాగా గమనించుకున్నారు," అని డాక్టరమ్మ మెచ్చుకుంటే, "ఒంటి విషయంలో కాస్త జాగ్రత్తగా ఉంటానండీ," అన్నాను వినయంగా.

పక్క కుర్చీలో మా ఆవిడకు ఒక్కసారిగా పొలమారింది.