మధ్య గవ్వకు ఎర్రరంగు

మొన్న రేవు పక్కన హాడోలో మా అమ్మాయి క్వార్టర్సుకి వెళ్తే, మనవరాలు నేలమీద బోర్లా పడుకుని మూడు ప్లాస్టిక్ బిళ్ళలు జరుపుకుంటోంది. ఒక్కొక్కదాన్నీ వేలితో తోస్తూ "ప్, ఇ, న్" అని, మూడింటి కిందా వేలు గీసి "పిన్" అనేసింది. ఫోనిక్స్ సామానట, పార్సిల్లో వచ్చిందట. ఆ పెట్టెని తిప్పి తిప్పి చూశాను, వాసన కూడా చూశాను. మా అమ్మాయి నవ్వింది, అమ్మ అనుమానాలు అమ్మతోనే పోతాయని. కానీ మధ్య బిళ్ళ ఎరుపని గమనించగానే నాకు ఏం గుర్తొచ్చిందో దానికేం తెలుసు!

మన తరం వాళ్ళకి జ్ఞాపకమే, చదువంటే పేజీ పేజీ గొంతెత్తి వల్లించడం. ప్రోతరాపూర్‌లో మా చర్చి పక్కన రెండు గదుల బడిలో పెద్దపిల్లలకి నేనూ అలాగే పాఠాలు చెప్పేదాన్ని. మా పెద్దమ్మే హెడ్మిస్ట్రెస్. ఆ ఏడు చిన్నపిల్లల గదికి కాకినాడ వైపు నుంచి ఓడలో ఒక కొత్త టీచరు వచ్చింది. సంవత్సరం చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మా అమ్మాయి ఆ గదిలోనే ఉండేది. అక్షరాలన్నీ వచ్చు, రెండు కలిపి చదవమంటే నేల చూపులు. చదవడం రాకపోతే పెద్దబడిలో చేర్చుకోరని నాకు ఒకటే దిగులు.

ఆ కొత్తావిడ పుస్తకాలు మూలపడేసి, పిల్లల్ని గవ్వలు ఏరుకు రమ్మంది! శబ్దానికొక గవ్వ, మధ్యలో వచ్చే అచ్చు గుర్తుండేలా ఆ గవ్వకు ఎర్ర గోళ్ళరంగు. ఒకనాడు ఎవరో పీతున్న గవ్వ తెచ్చారు కాబోలు, "కప్" చదువుతుండగానే మధ్య శబ్దం కాస్తా నడిచి బెంచీ కిందకి పోయింది, పిల్లలు గోలగోలగా దాని వెంటపడ్డారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ దీవుల్లో పుట్టి పెరిగిన మాకో జబ్బుంది లెండి, ఓడ దిగిన ప్రతివాళ్ళూ మన గవ్వలు మూటగట్టుకుపోయి అమ్ముకోవడానికే వచ్చారనుకుంటాం. సెలవురోజున ఆవిడ అవతలి ఒడ్డున హోప్ టౌన్ వెళ్ళి మరీ ఏరుకొచ్చేది, డబ్బా నిండుతోంది, పైగా రంగులు! చదువు వంక పెట్టి పిల్లలచేత సరుకు పోగుచేయిస్తోందని పెద్దమ్మ చెవిన వేశాను. నా మాటంటే ఆవిడకు వేదవాక్కు. వచ్చే ఓడకి వెళ్ళిపోమని చెప్పేసింది.

ఓడకి రెండు రోజులుందనగా మా అమ్మాయిని కూర్చోబెట్టి పలకమీద "మగ్" అని ఇంగ్లీషులో రాశాను. అది వంటింట్లోంచి మూడు చింతపిక్కలు తెచ్చి, వరసగా పేర్చి, వేలితో తోసుకుంటూ చదివేసింది. "హెన్" అంటే హెన్, "టబ్" అంటే టబ్. బట్టీ పట్టించింది కాబోలని నా పాడుబుద్ధికి అప్పుడూ అనుమానమే. అర్థంపర్థం లేకుండా "జప్" అని రాశాను. పిక్కలు మూడూ తోసి, "జప్" అని చదివి, "జప్ అంటే ఏంటమ్మా?" అని అడిగింది. అలాంటి మాట ఇంగ్లీషులోనే లేదు, ఎవరూ వల్లింపజేసి ఉండరు. పెద్దమ్మకి చెప్పాలి, పొద్దున్నే చెబుదామనుకున్నాను. పొద్దున్న సాయంత్రమైంది, ఆ రెండు రోజులూ అలాగే గడిచిపోయాయి, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పైగా హాడో జెట్టీకి వెళ్ళాను, ఎందుకో తెలుసా? ఓడెక్కేముందు తనిఖీకి ఆవిడ ట్రంకుపెట్టె తెరిచినప్పుడు ఒక్క గవ్వైనా కనబడకపోదా, నా మాట నిలబడకపోదా అని. నాలుగు చీరలు, బైబిలు, కొబ్బరినూనె సీసా, అంతే. నన్ను చూసి ఆవిడ గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "దీదీ, మీరొక్కరైనా వచ్చారు. గవ్వల డబ్బా బడి బీరువాలోనే పెట్టాను, పాపచేత రోజూ చదివించండి," అంది. నేను తలూపాను.

ఆ డబ్బాతోనే తర్వాత ఎన్నో ఏళ్ళు చిన్నపిల్లలకు చదువు చెప్పాను, మంచి పేరూ తెచ్చుకున్నాను. ఇప్పుడు బిళ్ళలు పార్సిల్లో వస్తున్నాయి, గవ్వలు ఏరే పిల్లలూ లేరు, నడిచిపోయే శబ్దాలూ లేవు. మొన్న మా అమ్మాయి ఆ ఎర్రబిళ్ళ చేతిలోకి తీసుకుని, ఆ మిస్‌ని సాగనంపడానికి బడి మొత్తంలో మా అమ్మ ఒక్కతే వెళ్ళిందే అని కూతురికి గొప్పగా చెప్పింది. నేను ఔనన్నాను.