ద్వారానికి వీపు

వీరుడు తిరిగొచ్చాడని పాస్టరు చాలాసేపు ప్రార్థించాడు. ఆ వీరుడు, సెవులోని అనే కుర్రాడు, మాత్రం పెద్దింటి మధ్యలో నిలబడే ఉన్నాడు. ఫిజీలో పెద్దలు చాపల మీద కూర్చుని ఉండగా వాళ్ళ తలలకు పైన నిలబడడం మర్యాద కాదు. పసిపిల్లలు కూడా నడుం వంచి దాటుతారు. ఇంగ్లండు సైన్యంలో చేరి బస్రా యుద్ధానికి వెళ్ళొచ్చినంత మాత్రాన సెవులోని అది మర్చిపోలేదు.

తిరిగొచ్చినవాడు యంగోనా వేరుకట్ట పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళకు ఎదురుగా కూర్చుని, ఆ వేరు పిసికిన నీళ్ళు మొదటి కొబ్బరిచిప్పెడు తాగాలి. అప్పటికి గానీ ఊరివాడు కాడు. కట్ట పెట్టాడు. కానీ అక్కడ కూర్చుంటే వీపు ద్వారం వైపు పడుతుంది.

"కూర్చో అల్లుడా," అన్నాడు మేనమామ తైతూసి. "నిన్ను చూడలేక మెడ లాగేస్తోంది."

"కూర్చుంటా మామా."

కూర్చోలేదు. చిప్ప అందిస్తున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

"పెద్ద సైన్యం కదా, మన చాపలు కంటికేం ఆనతాయి!" ఎవరో గొణిగారు. మామ ముఖం నల్లబడింది. చిప్ప వెనక్కి పోయిందంటే ఇక ఈ ఊళ్ళో సెవులోని చుట్టపుచూపు మనిషే.

మామ కొడుకు జోపే నోరు ఊరుకోదు. ఆ వరసకు ఎంత మాటైనా చెల్లుతుంది. "ఏం బావా, మోకాళ్ళు అక్కడే అమ్ముకొచ్చావా?"

అందరూ నవ్వారు. జోపే నవ్వలేదు, సెవులోని కళ్ళు మాటిమాటికీ ఎటు పోతున్నాయో చూశాడు. నడుం వంచి పోయి ద్వారంలో చతికిలబడ్డాడు, ముఖం బయటికి, వీపు పెద్దలకు.

"ఒరే! బుద్ధుందా?" అరిచాడు తైతూసి.

"దోమలు నాన్నా, కాపలా కాస్తున్నా. తాగు బావా, ఒక్కటి కూడా లోపలికి రాదు."

సెవులోని కూర్చున్నాడు. ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో చిప్ప ఖాళీ చేశాడు. ఇల్లంతా చప్పట్లు. పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు, పని అయిపోయినట్టు.

సెవులోని వెనక్కి తిరిగి చూశాడు. వెలుతురులో నల్లగా, కదలని వీపు. బస్రాలో తోటి సిపాయి వైసాకె రాత్రిళ్ళు ఇలాగే ద్వారంలో కూర్చునేవాడు, "పడుకోండ్రా, ఏదీ రాదు" అంటూ. ఒక పొద్దున లేచి చూస్తే వీపు అలాగే ఉంది, చల్లబడి. మనిషే లేడు.

మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి జోపే వీపు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"ఏయ్ బావా, చక్కిలిగింతలు!"

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు," అన్నాడు సెవులోని. చెయ్యి తియ్యలేదు. "ఆపకు."