పిన్ని నడుం, బి27 కథ

మా శేషారత్నం పిన్నికి ఎవరు నమస్కారం పెట్టినా "పొద్దున లేవగానే నడుం పట్టేస్తోందా?" అని అడిగేది. సినిమాల్లో బామ్మ వేషాలు వేసేది కనుక ఫిల్మ్ నగర్‌లో ఆ ప్రశ్న తప్పించుకున్నవాడు లేడు. ఒక నిర్మాతనైతే సంతాపసభలోనే అడిగింది.

"లేదండీ" అంటే నిరుత్సాహపడేది. "నాకుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27" అని, జూబ్లీహిల్స్ వాళ్లు కారు నంబరు చెప్పుకున్నట్టు చెప్పేది.

"అంటే ఏంటి పిన్నీ?"

"ఒక జన్యువురా. కణం లోపలి సరుకులోంచి చిన్న ముక్కలు బయటపెట్టి చూపిస్తుంది, స్టూడియో గేటు దగ్గర సంచీ విప్పినట్టు. పరాయి సరుకైతే ఒంట్లోని కాపలావాళ్లు పట్టుకుంటారు. కొందరిలో మాత్రం ఆ కాపలావాళ్లు సొంత వెన్ను మీదే పడతారు. ఎందుకో డాక్టర్లకే పూర్తిగా తెలీదు."

"ఆ జన్యువున్న అందరికీ జబ్బొస్తుందా?"

"చాలామందికి రాదు. నాకొచ్చింది" అంది, అవార్డు వచ్చినట్టు.

ఆ జబ్బు పేరు చెప్పి, పది కొట్టనిదే షూటింగుకి రానంది. అప్పుడు తీస్తున్నది బామ్మ చెయ్యి పట్టుకుని హీరో ఊరంతా పరుగెత్తే సినిమా. హీరో ముఖం సాయంత్రం నాలుగింటికి వచ్చేది. వీపు మాత్రం బోరబండ నుంచి పొద్దున్నే వచ్చే డూప్ నర్సింహది. బామ్మ లేకపోతే వీపుకీ పనిలేదు. దాంతో ఏడింటి షాటు పదికి జరిగింది.

"మేడమ్, నిన్న కుడిపక్క పట్టుకున్నారు, ఇవాళ ఎడమ" అన్నాడు డైరెక్టరు పృథ్వీరాజ్.

"ఇది పక్కలు మారుస్తుందండీ. డాక్టర్ని అడగండి."

అడిగాడు. నిజమేనన్నారు. షాటు పదికే ఉంచాడు. చాటున మాత్రం "బామ్మకి హీరోయిన్ బెట్టు" అన్నారంతా. ఆ సినిమాకి మాటలు రాసిన నేనూ అన్నాను.

పోయిన నెల పిన్ని నిద్రలోనే వెళ్లిపోయింది. ఆమె బీరువాలో రక్తపరీక్ష కాగితం దొరికింది. బి27 లేదు.

పదకొండో రోజు ఉదయం ఆరింటికే నర్సింహ వచ్చాడు. కాగితం చూపించాను.

"ఆ బి27 నాదన్నా. పొద్దుగాల రెండు గంటలు నడుము బిగుసుకపోతుండె. ఫైట్ మాస్టర్‌కు తెలిస్తే పని పోతది. సూదంటే నాకు భయమని, ముందుగాల అమ్మనే రక్తమిచ్చింది. మందులు పనిచేసేదాక ఆలస్యం తన మీదేసుకుంటనన్నది."

"మరి అందర్నీ అడగడం?"

"నాలెక్క దాచుకునేటోళ్లు ఇంకా ఉంటరని. ఇద్దరు దొరికిన్రు కూడ."

"పక్కలు మారడం?"

"జబ్బు మారుస్తది, గది నిజమే. అమ్మకు మాత్రం నిన్న ఏ పక్క పట్టుకుందో యాదికుండకపోయేది."

పిన్ని ఫొటో ముందు తేలిగ్గా వంగి పూలు పెట్టాడు. నా నోటివెంట దానంతటదే వచ్చింది. "పొద్దున లేవగానే నడుం పట్టేస్తోందా?"

"ఇప్పుడు లేదన్నా."

ఎందుకో కాస్త నిరుత్సాహపడ్డాను.