ఎండు చెట్టూ, కొండలయ్య కుశలప్రశ్నలూ

ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే, ముందు వాళ్ల ఇంటిల్లిపాది క్షేమం కనుక్కోనిదే ఆ మాట బయటికి రాకపోవడం మా కొండలయ్య జబ్బు. మంచిమాట అయితే ఒక్క ముక్కలో చెప్పేవాడు. 'కాదు' అనాలంటే మాత్రం ముప్పావుగంట పట్టేది. పెళ్లాం, పిల్లలు, అత్తామామలు, గొడ్డూ గోదా, పోయినేడు చచ్చిపోయిన బర్రెతో సహా అందరూ బాగున్నారని తేలాక, "అయితే సరే నాయనా, నువ్వు చెప్పేది తప్పు" అనేవాడు. అందుకే ఉదయగిరిలో ఆయన "బాగుండావా?" అంటే జనానికి గుండెలో రాయి పడేది.

చెట్లు కొట్టడం ఆయన పని. ఇళ్ల మీదికి ఒరిగినవీ, కరెంటు తీగలకు తగిలేవీ, ఎండిపోయి ఎప్పుడు విరుగుతాయో తెలియనివీ, నడుముకు మోకు కట్టుకుని ఎక్కి, కొమ్మ కొమ్మగా దించేవాడు. వరికుంటపాడు నుంచి అనంతసాగరం దాకా ఎండు చెట్టు ఉన్న ప్రతి ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఏ నొప్పి ఉందో ఆయనకు కంఠతా వచ్చు.

ఒకసారి సంగంలో చెట్టు మీదుండి పెద్ద కొమ్మ కోస్తున్నాడు. సగం పైగా తెగింది. అప్పుడే ఎవరో పెద్దమనిషి సరిగ్గా కిందికొచ్చి నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. అవతలికి పొమ్మనడం చేదు మాట కదా.

"అయ్యా, బాగుండారా?" అన్నాడు కొండలయ్య పైనుంచి.

"బాగుండా."

"అమ్మగారు బాగుండాదా?"

"ఉండాది."

"పిల్లోళ్లు?"

"ఎవుర్రా నువ్వు? జనాభా లెక్కలోడివా?" అని విసుక్కుంటూ ఆయన పది అడుగులు అవతలికి నడిచాడు. కొమ్మ ఫెళ్లుమని బీడీ బూడిద రాలిన చోటే పడింది.

ఈ సంగతి నాకు చెప్పి కొండలయ్య నొచ్చుకున్నాడు. "ఆయన మామగారి సంగతి అడగనే లేదు నాయనా."

నాకాయన పరిచయమైంది తొంభై తొమ్మిదిలో. ఇంటర్ తప్పి, పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలన్నీ డిక్షనరీ పక్కన పెట్టుకుని నమిలి, లోకమంతా తప్పులతడక అని తేల్చుకుని, ఆత్మకూరు బస్టాండు పక్క కంప్యూటర్ సెంటర్లో ఆ లోకానికే టైపు నేర్పుతున్నాను. ఊళ్లో ఇంటర్నెట్ ఉన్నది అక్కడొక్కచోటే. అదీ నెల్లూరికి ఫోను కలిస్తే ఉన్నట్టు, కలవకపోతే లేనట్టు.

ఒక శనివారం కొండలయ్య భుజాన మోకుతో లోపలికొచ్చి, జేబులోంచి మడతపెట్టిన చీటీ తీశాడు. ఉదయగిరి కొండ చూడ్డానికొచ్చిన ఒక దొర రాసిచ్చిన ఈమెయిలు అడ్రసట. ఆ దొరదీ చెట్లెక్కే పనే. కొండలయ్య మోకుకు వేసే ముడి చూసి ముచ్చటపడి, ప్రపంచంలో మనలాంటి వాళ్లందరూ ఇక్కడ మాట్లాడుకుంటారు, నువ్వూ చేరమన్నాడు. చేర్చాను. ఒకరు రాస్తే రెండు వందల పన్నెండు మందికీ ఒకేసారి చేరే ఉత్తరాల గుంపు అది.

తెరిచి చూస్తే యుద్ధం. ఎండిపోయి ప్రమాదంగా నిలబడ్డ చెట్టును ఉంచాలా, కొట్టాలా అని. ఇంగ్లండు నుంచి నైజెల్ అనే ఆయన, ఉంచేవాడు హంతకుడు అన్నాడు. కెనడా నుంచి హెరాల్డ్ అనే ఆయన, పిట్టలున్న చెట్టును కొట్టేవాడి చేతికి రంపం కాదు, సంకెళ్లు ఇవ్వాలన్నాడు. తక్కిన రెండు వందల పది మందీ ఇటు కొందరు, అటు కొందరు చేరి దుమ్మెత్తి పోసుకుంటున్నారు.

"ఏమంటా ఉండారు నాయనా?"

"తిట్టుకుంటా ఉండారు."

కొండలయ్య మొహం వాడిపోయింది. "అన్నాలు తిన్నారో లేదో! రాయి. నైజెలయ్య గారూ, మీరెట్లుండారు? ఇంట్లో అమ్మగారెట్లుండారు? హెరాల్డయ్య గారూ, మీ ఊర్లో వానలు పడినాయా? మీకు గొడ్లు ఉండాయా?..."

"అందరి పేర్లూ రాయాల్నా?"

"వరసపెట్టి రాయి. ఒకరిని అడిగి ఒకరిని అడక్కపోతే ఏమనుకుంటారు?"

పావుగంట చెప్పాడు. చివర, ఇద్దరూ చెప్పేదాంట్లో కొంచెం తప్పుందేమో చూసుకోండి అన్నాడు. నాకు లైను ఎప్పుడు తెగుతుందోనని ఒళ్లు మంట. ఆయన చెప్పిందంతా విని, ఇంగ్లీషులో "మీరిద్దరూ తప్పు. కొండలయ్య" అని కొట్టి పంపించాను.

ప్రతి శనివారం అదే తంతు. ఆయన బర్రెలూ, బాలింతలూ, కీళ్లనొప్పులూ అన్నీ అడిగేవాడు. నేను "తప్పు. కొండలయ్య" అని కొట్టేవాణ్ని. మూడో వారానికల్లా నైజెల్ నిప్పులు కక్కాడు. ఎవడీ కొండలయ్య? వీడికి మర్యాద నేర్పినవాళ్లు లేరా?

"ఏమంటా ఉండాడు?" అన్నాడు కొండలయ్య ఆత్రంగా.

"మీ ఆరోగ్యం ఎట్లుండాదని అడుగుతా ఉండాడు."

"మర్యాదస్తుడు!"

హెరాల్డ్ ఆయన్ని చెదపురుగుతో పోల్చాడు.

"ఈయన?"

"మీ ఇంట్లో కొయ్యసామాను బాగుండాదా అంటాడు."

"అంత దూరం నుంచి! ఎంత ఆపేక్ష!" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను తెర వెనక మొహం దాచుకుని నవ్వలేక చచ్చాను.

ఇలా నాలుగు నెలలు గడిచాక, ఒక శనివారం ఆయన డీలాగా వచ్చాడు. ఉదయగిరిలో లిదియమ్మ టీచరు ఇంటి వెనక నిద్రగన్నేరు ఎండిపోయింది. సండేస్కూలు పిల్లలు కూర్చునేది దాని కిందే. కొట్టేయాలని సంఘం సెక్రటరీ పెంచలప్రసాద్. కూడదని లిదియమ్మ. జనవరి నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె పంచలో రెండు పక్షాలూ కూర్చుని అరుచుకోవడమే. తీర్పు చెప్పాల్సింది కొండలయ్య.

"ఎవురికి కాదని చెప్పేది నాయనా? వాళ్ల ఇండ్లల్లో సంగతులు తెమలడమే లేదు. దొరలను అడుగు."

ఈసారి బుద్ధిగానే అడిగాను. మరుసటి వారం జవాబొచ్చింది. నైజెల్, హెరాల్డ్ జీవితంలో మొదటిసారి ఒక మాట మీదికొచ్చారు. కొండలయ్యను గుంపులోంచి వెళ్లగొట్టాలని. గుంపు పెద్ద వెళ్లగొట్టేశాడు.

ఆ శనివారం కొండలయ్య రాలేదు. మే నెల. సాయంత్రాలు ఈదురుగాలులు మొదలయ్యాయి. ఆయన దొరల సలహా కోసం ఆగి ఉంటాడు. ఆ సలహా ఇక ఎప్పటికీ రాదు. ఈలోగా కొమ్మ విరిగి పిల్లల మీద పడితే? లోకంలోని తప్పులన్నీ లెక్కపెట్టే నాకు, ఈ ఒక్కటి మాత్రం నాదేనని తెలిసింది. ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను.

నేను పోయేసరికి లిదియమ్మ పంచ నిండా జనం. ప్రసాద్ నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"టీచరమ్మా, రేపు పిల్లోళ్ల మీద పడితే ఎవురు జవాబు చెప్పేది?"

"తొర్రలో చిలకలు పిల్లలు పెట్టుండాయిరా. అయ్యి ఏడకు పోతాయి? నాకు కండ్లు పొరలొచ్చి మూడేండ్లాయె. పొద్దున లేస్తే ఆ చిలకల అరుపే నాకు తోడు. దాన్నీ తీసేస్తారా?"

"మీకు చిలకలు ఎక్కువా, పిల్లోళ్లు ఎక్కువా?"

"నీకు రెండో ఎక్కం నేర్పింది నేనేరా! నాకు లెక్కలు చెప్తావా?"

కొండలయ్య మధ్యలో దూరాడు. "ప్రసాదూ, మీ నాయనకు దగ్గు తగ్గినాదా? టీచరమ్మ మోకాలు ఎట్లుండాదో అడిగినావా? అడగలా? అడుగు, అడుగు. టీచరమ్మా, ప్రసాదు కోడలికి నెలలంట, నీకు చెప్పినాడా? మాట్లాడుకుంటా ఉండండి. నేనట్లా పోయొస్తా."

ఆయన పోయాడు. ప్రసాద్ తప్పక మోకాలి సంగతి అడిగాడు. ఆమె చెప్పింది. పక్కనున్న ఓబులయ్య తన మోకాలు అంతకంటే నొప్పి అన్నాడు. మోకాళ్ల మీద కాసేపు పోటీ జరిగి, మళ్లీ చెట్టు దగ్గరికొచ్చి, అరుపులు రోడ్డు దాకా వినిపించాయి.

అప్పుడు లేచింది గాలి. పెంకులు గలగలలాడాయి. దుమ్ము కళ్లలో కొట్టింది. వెనకనుంచి పిల్లల పాట వినిపిస్తోంది.

"అయ్యో, పిల్లోళ్లు!" అని ప్రసాద్ పెరట్లోకి ఉరికాడు. ఆయన వెనక మేమంతా.

పెరట్లో ఇరవై మంది పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుకుంటున్నారు. వాళ్ల నెత్తిన ఆకాశం ఉంది. చెట్టు లేదు. రెండు నిలువుల ఎత్తు మొద్దు ఒకటి, వంపు లేకుండా, గాలికి ఉలకకుండా నిలబడి ఉంది. దాని తొర్రలోంచి ఒక చిలక మెడ బయటపెట్టి, ఎవరీ అరిచేవాళ్లన్నట్టు చూసింది. పక్కన కొండలయ్య మోకు చుట్టుకుంటున్నాడు.

"చెట్టేది?" అన్నాడు ప్రసాద్.

"ఇదే గదా."

"మిగతాది?"

"టీచరమ్మ వంటింట్లో ఉండాది."

తడుముకుంటూ వచ్చిన లిదియమ్మ నోరు తెరిచింది. "ఓరి నీ! జనవరి నుంచి కట్టెలు కొనే పనే లేకపోయె. ప్రభువే పంపిస్తా ఉండాడని నేను వారం వారం గుళ్లో సాక్ష్యం చెప్తా ఉంటిని!"

ప్రతి ఆదివారం పిల్లలు పెరట్లోకి పాటకు రాకముందు గుళ్లో ఉండే ఆ గంటలో, పెద్దలు పంచలో పోట్లాడుకునే ఆ గంటలో, ఒక్కొక్క కొమ్మ దింపాడు. చెట్టు వద్దన్నవాళ్లు మీద పడుతుందని పెరట్లోకి రాలేదు. కావాలన్నామెకు కళ్లు కనపడవు. పిల్లలకు మొదటివారమే తెలుసు. వాళ్లనెవరూ అడగలేదు.

"ముందే ఒక మాట చెప్తే నీ సొమ్మేం పోయె?" అన్నాడు ప్రసాద్ రోషంగా.

"కొమ్మ దించేటప్పుడు కింద మనిషి తిరగకూడదు ప్రసాదూ. పొండి అంటే కొట్లాటకొస్తారు. బాగుండారా అంటే కూర్చోని చెప్తారు. మీరు నీడపట్టున ఉండారు, చిలకలు తొర్రలో ఉండాయి. ఇంకేం గావాల?"

సంఘం అప్పటికప్పుడు ఏకగ్రీవంగా తీర్మానించింది, ఉన్నది ఉన్నట్టు ఉంచాలని.

బస్సు దాకా ఆయన నాతో వచ్చాడు. నోరు పెగుల్చుకుని అన్నాను. "పెదనాయనా, నీతో ఒక మాట చెప్పాల. ఆ ఉత్తరాలు..."

"మీ అవ్వ బాగుండాదా?" అన్నాడు.

అవ్వ, అమ్మ, అక్క, అక్క అత్త, మేనమామ, మేనమామ మేకలు. నడుస్తున్నంతసేపూ అడిగాడు. ఇంత పొడుగు కుశలం వెనక ఎంత చేదు మాట ఉందోనని చెమటలు పట్టాయి.

"నాకు తెలుసులే నాయనా," అన్నాడు చివరికి. "నేను పావుగంట చెప్తే నువ్వు నాలుగు టక్కులు కొట్టి చేతులు దులుపుకుంటివి. అన్ని బర్రెలు నాలుగు టక్కుల్లో పడతాయా?"

"మరి వారం వారం ఎందుకొస్తా ఉంటివి? కొమ్మలు దించుకుంటానే చెట్టు సంగతి దొరలను ఎందుకు అడగమంటివి?"

"వాళ్లు రాసింది చూసి నువ్వు ఆ పెట్టె వెనకాల నవ్వుకుంటా ఉంటివి. ఇంకెప్పుడూ నీ మొహాన నవ్వు చూసినోళ్లు ఆత్మకూర్లో ఎవురూ లేరంట. బస్టాండంతా అడిగినాను."

తర్వాతి శనివారం ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను. రెండుంపావు గంటలు పట్టింది. లైను నాలుగుసార్లు తెగింది. తప్పు నాదని కింద రాసి, గుంపు పెద్దకు పంపి, అందరికీ అందించమని బతిమాలాను.

వారానికి జవాబులు వరదలా వచ్చాయి. తిన్నానని హెరాల్డ్ రాశాడు. మోకాలు మాత్రం బాగాలేదట. దానికి నైజెల్ ఏదో తైలం పేరు చెప్పాడు. ఒకాయన తన ఆవు ఈనిందన్నాడు. ఇది చెట్ల కోసం పెట్టిన గుంపు అని గుంపు పెద్ద గట్టిగా హెచ్చరించి, తమ ఇంట్లో అందరూ క్షేమమేనని చివర చేర్చాడు.

అన్నీ ఉన్నవి ఉన్నట్టు చదివాను. కొండలయ్య ఒక్కొక్కరికీ తలూపాడు.

"చెట్టు సంగతి తేల్చినారా?"

"ఇంకా లేదు."

"ఆ చెట్ల కింద మనుషులెవురన్నా కూర్చుంటా ఉండారా?"

నేను మళ్లీ మొదటి నుంచి వెతికాను. రెండు వందల పన్నెండు మందిలో ఎవరూ ఆ ముక్క రాయలేదు.

కొండలయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అయితే అడుగు నాయనా. నైజెలయ్య గారి అత్తగారి దగ్గర్నుంచి మొదలుపెట్టు."