నొక్కిన చోట నొప్పి లేదు

మా ఊరి మాబు సాబు గారు గుండెపోటుతో కాలం చేసి ఇరవై దినాలైంది. పొద్దున మా వసారాలో కూర్చుని మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి లేరంటే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఆయన సంస్మరణ పుస్తకానికని ఆయన మంచితనం గురించి నన్ను రాయమన్నారు. రాస్తాను. ఆ పొద్దు జరిగింది కూడా రాస్తాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరం తప్పుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చకండి.

ఆయన అనంతపురంలో ఒక ఆసుపత్రిలో, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల చేత వ్యాయామం చేయించే గదిలో అటెండరుగా పనిచేశారు. డాక్టర్లు చెప్పింది పక్కన నిలబడి విని నేర్చుకున్న విద్య ఆయనది. ఉద్యోగ విరమణ తరువాత కుందుర్పి దగ్గర మా ఊరికే తిరిగి వచ్చి, శనక్కాయ చెట్లు పెరికి నడుము పట్టేసినవాళ్లకు నిస్వార్థంగా సేవ చేశారు. మా వైపు ఏ నొప్పికైనా నరం పట్టిందంటారు. ఆయన ఊరుకునేవారు కాదు. “నరం కబురు మోస్తాది, అంతే. పని చేసేది కండ” అనేవారు.

ఆరేళ్ల కిందట కళ్లంలో జారిపడి నా కుడి మణికట్టు విరిగింది. నాటువైద్యుడు వెదురు దబ్బలు వేసి కట్టు కట్టి, నెల దాటాక విప్పమన్నాడు. ఎక్కువ రోజులుంటే ఎముక ఇంకా గట్టిపడుతుందని నేను మరో నెల అట్లే ఉంచుకున్నాను. విప్పితే ముంజేయి కందికట్టెలాగా ఉంది. వేళ్లు ముడుచుకోవు. ఇంట్లో ఏది మంచిదున్నా మనవరాలి పెండ్లికని దాచిపెట్టే నా గుణం మాబు సాబుకు తెలుసు. ఆయన వచ్చి చూశారు.

“ఏమక్కా, చేతిని గూడా దాచిపెట్టినావా, మనవరాలి పెండ్లికని?”

“దాస్తే చెడిపోతాదా ఏమప్పా?”

“గింజలైతే నిలవ ఉంటాయి. కండ ఉండదు. పని లేని కండను ఒళ్లే కరిగించేస్తాది.”

ఆ దినం మా ఇంట్లో కోడి కోశారు. పులుసుకని పెట్టిన కోడికాలు ఒకటి తీసుకుని, తెగిన చోట తెల్లగా కనబడే దారం వంటిదాన్ని ఆయన లాగారు. చచ్చిన కోడి వేళ్లు ముడుచుకున్నాయి. నేను ఉలిక్కిపడ్డాను.

“కండ పైన ఉండి ఈ తాడు పట్టి లాగుతాదక్కా. దానికి లాగేదొకటే తెలుసు, నెట్టేది తెలీదు. వేళ్లు మళ్లా తెరుచుకోవాలంటే ఎనకపక్క కండ లాగాల, ఇది వదలాల. రెండూ పంతానికి పోతే చెయ్యి కొయ్యైపోతాది, మీ అత్తాకోడండ్ల మాదిరి.”

“ఆ కాలు ఇట్లియ్యి. పులుసులోకి పోవాల” అన్నాను. మా కోడలు పకపకా నవ్వింది. నా ఎదుట ఆమె నవ్వడం అదే మొదలు.

నా చేత దినమూ తడిబట్ట పిండించారు. ఆ తరువాత సంగటి కెలకమన్నారు. “వణికితే ఆగాకు, నొప్పి పుడితే ఆగు. చేసినంత చేసి పండుకో. నిద్రలో ఒళ్లు ఆ కండను మరమ్మతు చేసుకుంటాది” అనేవారు. నాలుగు నెలలకు ఇంటిల్లిపాదికీ సంగటి నేనే కెలికాను. అప్పుడు, “ఆడోళ్ల నడుములు నేను పట్టేది బాగుండదు, నువ్వు నేర్చుకో అక్కా” అని ఆ విద్య నాకు ఇచ్చారు. మొదటి పాఠం ఇది: “ముందు ఒక వేలితో నొక్కు. కండ నొప్పయితే నొక్కినకాడ పలుకుతాది, కదిలిస్తే ఎక్కువైతాది. రెండూ లేకుంటే అది మన పని కాదు, ఆసుపత్రి పని.”

ఆ పొద్దు ఆయనే వచ్చారు.

“అక్కా, ఎడమ భుజం పట్టేసినట్లుండాది. నిన్న కట్టెల మోపు ఎత్తినా, దానిదే.”

నొక్కాను. “ఈడనా?”

“కాదు.”

“ఈడ?”

“యాడ నొక్కినా ఒకటే. లోపల యాడనో ఉండాది.”

చేయి పైకెత్తించాను. నొప్పి పెరగలేదు, తగ్గలేదు. ఆయన ముఖాన చెమట పట్టింది. నా వేళ్లకు తెలిసిపోయింది. ఆసుపత్రికి పోదాం పా మాబూ అనే మాట నాలుక మీదికి వచ్చింది. నేర్పినవాడికి నేను చెప్పేదేమని మింగాను. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టాను. “నీ చేతికి బాగా బలమొచ్చిందక్కా” అన్నారు కళ్లు మూసుకుని. అట్లా గంట గడిచాక పక్కకు ఒరిగిపోయారు. ఆటోలో కళ్యాణదుర్గం చేరేలోపల ప్రాణం పోయింది. ముందే తెచ్చి ఉంటే చూసేవాళ్లమని డాక్టరు అన్నాడు.

గుండె కూడా కండే అని నాకు చెప్పింది ఆయనే. అన్ని కండలకూ నిద్ర ఉందట. దీనికి మాత్రం ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ దొరికే సందే విశ్రాంతి అట.

ఆయన భార్య నా చేతులు పట్టుకుని, “ఆయనకే తెలియంది నీకెట్ల తెలుస్తాదిలే అక్కా” అంది. తెలుసు. ఆమె ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. ఆమె ఇది చదివించుకుంటుందని తెలిసే రాస్తున్నాను.

అటువంటి మనిషి మా ఊరికి మళ్లీ దొరకడు. ఆయన విద్యలో నాకు దక్కింది కొంచెమే, ఆ కొంచెమూ అవసరానికి వాడలేదు. నిన్న ఒకామె భుజం నొప్పని వచ్చింది. వేలు పెట్టి నొక్కాను. “అబ్బా, మెల్లగవ్వా!” అని అరిచింది. ఆ అరుపు వినగానే నాకు ఊపిరాడింది.

ఆ పొద్దు మాబు సాబు అరవలేదు.