ఆరు గదుల్లో రెండు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఎన్నికలు ముగిసిన వేసవిలో, నన్ను టెక్కలి, పలాస ప్రాంతాల లైసెన్సు ఆయుధాల తనిఖీకి వేశారు. నేను ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌ని. అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. ఎన్నికల ముందు జనం అప్పగించిన ఆయుధాలను పరీక్షించి, వాటి స్థితి రాసి, తిరిగి ఇప్పించడం నా పని.

వాటిలో ఉద్దానంలో జీడితోటలున్న సింహాద్రి నాయుడి రివాల్వర్ ఒకటి. తాతగారినాటిది. తూటాలు లేవని చూసుకుని హ్యామర్ నెమ్మదిగా వెనక్కి లాగాను. అది వెనక్కి వచ్చేసరికి సిలిండర్ తిరిగి, తూటా గది గొట్టానికి సూటిగా నిలిచి బిగుసుకోవాలి. నాలుగు గదులు నిలిచాయి. రెండు వెంట్రుకవాసి ముందే ఆగిపోయాయి. గొట్టంలోంచి కొలత కడ్డీ దింపితే ఆ రెండుచోట్లా అంచుకు తగిలింది. సిలిండర్‌ను తోసే ఇనుప ముక్క అరిగింది. సిలిండర్‌ను బిగించి పట్టే గాట్లు గుండ్రబడ్డాయి. అలాంటి రివాల్వర్ కాలిస్తే గుండు గొట్టం అంచును ఒరుసుకుని, చెక్కుకుపోయిన సీసం పక్కకు చిమ్ముతుంది. కాల్చేవాడికన్నా పక్కనున్నవాడికే ప్రమాదం.

ఆ పాతరకానికి విడిభాగాలు దొరకవు. అరిగిన ముక్కను సాగగొట్టి, ఆకురాయితో దిద్దాను. ఆరు గదులూ నిలిచాయి. గాట్లు మాత్రం అలాగే ఉన్నాయి గనక ఆ దిద్దుబాటు ఎన్నాళ్లో ఆగదు. ‘కాల్చుటకు పనికిరాదు’ అని రాశాను.

నాయుడు మా ఆఫీసుకే వచ్చాడు. “ఏటోయ్, పేల్తాదా, పేలదా? అది సెప్పు.”

“పేలుతుందండీ. కానీ...”

“మరింకేటి?” అని మా అధికారి వైపు తిరిగాడు.

అధికారి ఇంకో కాగితం నా ముందుకు తోశారు. అందులో ‘పనిచేయు స్థితిలో ఉన్నది’ అని ఉంది. నౌపడలో మా ఇంటికి దగ్గరగా బదిలీ కోరుతూ నేను పెట్టిన దరఖాస్తు ఆయన బల్లమీదే ఉందని గుర్తుచేశారు. సంతకం పెట్టాను. బదిలీ వచ్చింది.

తొలకరి రోజుల్లో ఒక ఉదయం, పనసపళ్ల కోసం తోటలోకి వచ్చిన ఎలుగును బెదరగొట్టాలని నాయుడు గాలిలోకి కాల్చాడు. మూడు గుళ్లు సవ్యంగా పోయాయి. నాలుగోసారి సీసం చిమ్మి, పక్కనే నిలబడ్డ కాపలాదారు దాలయ్య కుడికంట్లో దిగింది.

ఆసుపత్రికి వెళ్లాను. నేనెవరో పక్కమంచం మనిషి అతనికి చెప్పాడు.

“తమరు సూసే ఇచ్చినారంట గదా బాబూ,” అన్నాడు దాలయ్య. “మరిలాగెందుకయ్యింది?”



విచారణలో నా మొదటి కాగితం ఫైల్లో లేదు. నా దగ్గర నకలూ లేదు. ఆర్మరర్ బాగుందని రాసిచ్చాడని నాయుడు వాంగ్మూలం ఇచ్చాడు; అందులో అబద్ధం లేదు. శిక్ష నాకొక్కడికే పడింది. దాలయ్య అంతకుముందు కొబ్బరి దింపులకూ వెళ్లేవాడు. ఒంటికన్నుకు దూరం అందక చెట్టెక్కడం మానేశాడు.

అరుగుదలను కనిపెట్టడం ఆర్మరర్ పనిలో సగం. కనిపెట్టింది రాసి, ఆ రాతమీద నిలబడటం మిగతా సగం. మొదటి సగంలో నాకెప్పుడూ పొరపాటు రాలేదు.