కొండ దిగమన్న గొంతు

ఐరోపాలో ఎవడో ఒక ఆటగాడు ఒక క్లబ్బు వదిలి ఇంకో క్లబ్బుకు పోతే, తిరుమలలో మా అంగడి వీధి కుర్రాళ్ళు టీలు చల్లారిపోయేదాకా దాని గురించే మాట్లాడుకుంటారు. ఎన్ని కోట్లు, ఎన్నేళ్ళ ఒప్పందం, విమానం దిగేటప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడు. నేను గల్లా ముందర కూర్చుని విని నవ్వుకునేదాన్ని. మా కాలేజీ టీములో సగం మంది, వాళ్ళతోపాటు కోచ్, అందరూ కలిసి వేరే కాలేజీకి మారిపోయారు. దానికి అయిన ఖర్చు హాస్టల్లో ఆదివారం కోడికూర, మనిషికొక జత బూట్లు. చర్చలు కాలేజీ గేటు బయట ఇడ్లీ బండి దగ్గర జరిగాయి. ఫోటోలు ఎవరూ తీయలేదు.

అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాది ఆడపిల్లల కాలేజీ. దానికొక ఫుట్‌బాల్ టీము ఉండేది. ఉండేదంటే, నోటీసు బోర్డు మీద పూర్తిగా ఉండేది, మైదానంలో ఇద్దరు ముగ్గురు తక్కువగా ఉండేది, సర్టిఫికెట్లు పంచే రోజున మాత్రం ఎన్నడూ చూడని మొహాలతో కళకళలాడేది. నేను గోల్‌కీపర్ని. ఆ విద్య నాకు మైదానంలో రాలేదు. మా నాయన అంగడిలో నిచ్చెనెక్కి అటక మీది సరుకు కిందికి విసిరేవాడు. గాజుల పెట్టెలు, ఎర్రదారాల కట్టలు, దేవుడి పటాలు. వాటిని పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ నా పని. పటం జారవిడిస్తే పాపం, గాజులు జారవిడిస్తే తిట్లు. ఈ రెండు భయాల మధ్య పెరిగినదానికి బంతి ఒక లెక్కా?

రోజూ తెల్లవారగానే ఘాట్ రోడ్డు బస్సులో దిగి ప్రాక్టీసుకు వెళ్ళేదాన్ని. నాయనకు ఈ ఆట గురించి తెలిసిందల్లా, దీనివల్ల పొద్దున బేరానికి ఒక మనిషి తగ్గుతుందని. నాకేమో డిగ్రీ అయ్యాక వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు చదవాలని ఉండేది. అడగ్గా అడగ్గా ఒకరోజు తీర్పు చెప్పాడు.

"యూనివర్సిటీ టీములో నీ పేరొస్తే ఆ సదువు సదువుకో, నేను అడ్డం రాను. రాకుంటే గమ్మున వచ్చి గల్లా కాడ కూర్చో."

యూనివర్సిటీ టీమును కాలేజీల మధ్య జరిగే పోటీల్లో ఎంపిక చేస్తారు. నాకు మిగిలింది ఆ ఒక్క సంవత్సరమే. సరిగ్గా ఆ సంవత్సరమే మా కోచ్ పీడీ సార్‌కు కోడికూర కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఆయన కోడిగుడ్డు కూడా ముట్టడు, అది వేరే సంగతి.

సార్‌ది గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం. తాతా తండ్రీ పాశురాలు చదివినవాళ్ళు. గుడిలో సేవ అన్నకు పోయింది, గొంతు ఈయనకు వచ్చింది. నుదుటిన నామం, కింద ట్రాక్ ప్యాంటు, మధ్యలో ఆ గొంతు. విజిల్ ఊదగా మేమెప్పుడూ చూడలేదు. ఈ గోలు దగ్గర నిలబడి మాట్లాడితే ఆ గోలు దగ్గర గడ్డి మేసే ఆవు తలెత్తేది. ఎదుటి టీముకు అర్థం కాకూడదని ఆయన మా ఎత్తులన్నిటికీ కొండదారి పేర్లు పెట్టాడు. అలిపిరి అంటే కార్నర్ నుంచి దగ్గరి మనిషికి చిన్న పాస్. గాలిగోపురం అంటే తల మీదికి ఎత్తి కొట్టడం. మోకాళ్ళమెట్టు అంటే నేల మీద పోనివ్వడం. నాకొక్కదానికే వేరే ఆజ్ఞ ఉండేది. బంతితో ఎవరైనా ఒంటరిగా దూసుకొస్తే నేను గోలు గీతకు అతుక్కుపోయేదాన్ని. కాళ్ళు కదిలేవి కావు.

"గీత పట్టుకోని నిలబడితే, నువ్వు మీ అంగట్లో కూర్చున్నట్టే గదా పాపా," అనేవాడు. "ఆడా వచ్చేవాళ్ళ కోసం కాసుకోనుండేదే, ఈడా అంతే. కొండ దిగు."

అప్పటి నుంచి ఆ మాటే ఆజ్ఞ అయింది. కొండ దిగు పాపా అని వినబడితే చాలు, నేను గీత వదిలి ముందుకు ఉరికేదాన్ని. ఆలోచన ఉండేది కాదు, గొంతూ కాళ్ళూ తప్ప మధ్యలో ఎవరూ లేనట్టు ఉండేది.

ఆయన వెళ్ళిపోయినందుకు తప్పు పట్టలేం. మా కాలేజీ ఆయన్ని ప్రతి జూన్‌లో ఎంతో ఆప్యాయంగా చేర్చుకుని, ప్రతి ఏప్రిల్‌లో అంతే ఆప్యాయంగా తీసేసేది. కాంట్రాక్టు అంటారు దాన్ని. అవతలి కాలేజీ పర్మినెంటు అంది. తప్పు పట్టలేం గాని, చెప్పకుండా పోయినందుకు మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఆయన స్కూటరు ఆ కాలేజీ చెట్టు కింద నిలబెట్టి ఉండటం మా వాళ్ళెవరో బస్సులోంచి చూశారు. పత్రికా ప్రకటన అంటే అదే.

ఆయన వెనకే మా ముందువరస, మధ్యవరస కదిలాయి. ఆ ముందువరసలో నా ప్రాణస్నేహితురాలు ఉంది. చిత్తూరులో పరుపులు కుట్టే వాళ్ళ అమ్మాయి, ఇంట్లో ఉర్దూ, మైదానంలో చిత్తూరు తెలుగు. మూడేళ్ళు ప్రతి పొద్దూ తను కొట్టేది, నేను పట్టేదాన్ని. తను కూడా చెప్పలేదు. వెళ్ళి నిలదీస్తే బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తకుండా అంది, "నీకు సెప్తే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను పోలేను. అందుకే సెప్పలే." కొత్త బూట్లు బాగున్నాయి. అదే నాకు ఇంకా కడుపుమంట.

మరి నన్నెందుకు పిలవలేదు? ఆ కాలేజీలో గోల్‌కీపర్ ఖాళీ లేదు. కరస్పాండెంటుగారి తమ్ముడి కూతురు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఆ పిల్ల ఆటలో నిలబడటం వరకూ చాలా బాగా చేసేది.

మా ప్రిన్సిపాల్ మేడం చాకచక్యం గల మనిషి. కోచ్ పోయిన వారంలోనే కొత్త కోచ్‌ను వేశారు. బాటనీ మేడం. అర్హత ఏమిటంటే, టైమ్ టేబుల్లో మొదటి పీరియడ్ ఖాళీ. పాపం మంచి మనిషి. మొదటి రోజు గొడుగుతో వచ్చి హాజరు తీసుకుంది, ప్రాక్టీసు అయ్యాక మళ్ళీ తీసుకుంది, ఎవరూ తగ్గలేదని సంతోషపడింది. పాత గుర్తులన్నీ అవతలివాళ్ళకు తెలుసు కదా అని కొత్తవి పెట్టింది. తులసి, వేప, కానుగ. కానుగ అంటే ఏం చేయాలో ఆఖరి మ్యాచ్ దాకా మాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడకూ తెలియదని నా అనుమానం.

ఖాళీలు నింపడానికి ఖోఖో, కబడ్డీ జట్ల నుంచి పిల్లల్ని తెచ్చారు. ఖోఖో పిల్లలు గాలిలా పరిగెత్తేవాళ్ళు. కాకపోతే బంతి అందించే ముందు అవతలి పిల్ల వీపు మీద తట్టాలని చూసేవాళ్ళు. కబడ్డీ పిల్లలు నా ముందర కాపలా. ఎదుటివాళ్ళు బంతితో వస్తే బంతిని వదిలేసి మనిషి నడుము పట్టుకునేవాళ్ళు. రిఫరీ ఎన్నిసార్లు విజిల్ ఊదినా, గీత దాటనివ్వలేదు కదా సార్ అని న్యాయం అడిగేవాళ్ళు. ఈ సైన్యంతో మేము ఫైనల్‌కు ఎలా వచ్చామంటే, ఒక కాలేజీ రాలేదు, ఇంకో కాలేజీలో పరీక్షలు.

ఫైనల్లో ఎదుట ఎవరో చెప్పనక్కర్లేదు. అవతలి బెంచీ మీద నామం పెట్టుకుని మా సార్. ఆయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు, చూడలేదని తెలిసేలా చూడలేదు.

కబడ్డీ దయవల్ల చాలాసేపు గోలు పడలేదు. వాళ్ళు గాలిగోపురం అని అరిస్తే మా పాతవాళ్ళం ముందే అక్కడికి చేరేవాళ్ళం. సెలెక్టర్లు గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా మా కాపలా అంతా ఒకే మనిషి నడుము పట్టుకోవడానికి ఎగబడింది. బంతి పక్కకు జారి నా స్నేహితురాలి కాళ్ళకు చిక్కింది. ముందర నేను తప్ప ఎవరూ లేరు. తను వస్తోంది. నా కాళ్ళు గీత మీద బిగుసుకుపోయాయి. గల్లా పెట్టె, ఎర్రదారాల కట్టలు, నాయన మొహం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు వినబడింది.

"కొండ దిగు పాపా!"

ఎవరి బెంచీ నుంచి వచ్చిందో నా చెవులు అడగలేదు. దూకాను. తను కాలెత్తేసరికి బంతి నా గుండెల కింద ఉంది.

లేచి చూస్తే మైదానం మొత్తం అవతలి బెంచీ వైపే చూస్తోంది. సార్ నిలబడే ఉన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మూడేళ్ళు ఒక గోలును కాసిన గొంతు అది. జీతం మారిందని ఎవరూ దానికి చెప్పలేదు.

టైబ్రేకర్లో మేము ఓడిపోయాం. ఆఖరి దెబ్బ నా స్నేహితురాలిదే. నేను ఎటు దూకుతానో తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

తర్వాత అవతలి కరస్పాండెంటు విచారణ పెట్టాడు. మీ సార్ ఎవరికి చెప్పాడు అని నా స్నేహితురాలిని అడిగితే, మన గోల్‌కీపర్‌కే అని తడుముకోకుండా అబద్ధం ఆడిందట. గోలు పోగొట్టుకున్నది తనే. ఆయన నమ్మేవాడే. కానీ తమ్ముడి కూతురు పక్కనే ఉంది, నిజాయితీ గల పిల్ల, మన ఇల్లు కొండ మీద లేదు కదా పెదనాన్నా అంది. పర్మినెంటు ఉద్యోగం ఆ వారం దాటలేదు. మా కాలేజీలో ఆయన కుర్చీ కూడా ఖాళీ లేదు, బాటనీ మేడానికి అప్పటికి ఫైనల్ ఆడించిన అనుభవం వచ్చేసింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

యూనివర్సిటీ టీములో నా స్నేహితురాలి పేరు వచ్చింది. గోల్‌కీపర్‌గా కరస్పాండెంటు తమ్ముడి కూతురు పేరు వచ్చింది. ఎదుటి కోచ్ మాట వినే పిల్లను నమ్మలేమన్నారట సెలెక్టర్లు. ఏ టీములోనైనా కోచ్ మాట విననందుకు తీసేస్తారు. విన్నందుకు తీసేసింది నన్నొక్కదాన్నే అయి ఉంటుంది.

నాయన గల్లా దగ్గర పీట చూపించాడు. మరుసటి పొద్దు నా బూట్లు అటక ఎక్కాయి. చాలా నెలలు నేను కొండ మీద కూర్చుని తమిళానికి తమిళం, కన్నడానికి కన్నడం, హిందీకి చేతులు ఊపడం నేర్చుకున్నాను. నవ్వుతూ బేరాలు చేసేదాన్ని. ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం, దర్శనం చేసుకుని లడ్డూ సంచితో వస్తూ, సార్ మా అంగడి ముందర ఆగాడు. ఐరాల దగ్గర ఏదో బడిలో చేరాడట, మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడట. నన్ను చూశాడు, పీటను చూశాడు. తర్వాత నాకు కాకుండా నాయనకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కోర్సుకు ప్రవేశ పరీక్ష ఉంటుందని, పరిగెత్తించి ఆడించి చూస్తారని, టీము సర్టిఫికెట్ ఉంటే కొన్ని మార్కులు కలుస్తాయే గాని లేనంత మాత్రాన తలుపు మూయరని. ఈ సంగతి మా కాలేజీలో మూడేళ్ళు మాకెవరూ చెప్పలేదు, సార్ కూడా. అందరూ టీము మార్పులతో తీరిక లేకుండా ఉన్నారు కాబోలు.

నాయన పటం తుడుస్తూ అన్నాడు, "మాట మాటే గదా సామీ. టీములో పేరు రాలే."

సార్ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ పొద్దు నేను నోరు మూసుకోనుంటే నా ఉద్యోగం నాకు ఉండేదప్పా. ఉద్యోగం పోగొట్టుకోని నీ బిడ్డను కొండ దించినా. నువ్వు మళ్ళీ ఎక్కించి కూర్చోబెట్టుకుంటివి."

లడ్డూ సంచి మా గల్లా మీద పెట్టి, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

నాయన పటం తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన పటాన్నే మళ్ళీ తుడిచాడు. ఒక యాత్రికుడు గాజుల ధర అడిగితే పటం ధర చెప్పాడు. బేరం దగ్గర నాయన తడబడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత గుడ్డ పక్కన పడేసి, నిచ్చెన జరుపుకుని అటక ఎక్కాడు. పైన ఏవో పెట్టెలు జరిపిన చప్పుడైంది. దుమ్ము రాలింది.

"సూసి పట్టుకో," అన్నాడు పైనుంచి.

మొదటి బూటు నేరుగా చేతుల్లోకి వచ్చింది. రెండోది దూరంగా, మెట్ల మీద పడబోయింది. పీట వదిలి ముందుకు దూకి పట్టుకున్నాను.